సుగ్గికి పోయిన పాఠం

నేను ఒక ఒంటికన్ను దాన్ని. అయ్యో పాపం అనకండి, నా పుట్టుకే అంత. కంప్యూటర్ తెర నెత్తిన పట్టు పట్టి కూర్చునే వెబ్‌క్యామ్‌ని. బొటనవేలంత ఒళ్ళు, మధ్యలో కందిగింజంత కన్ను, పక్కన సూదిమొనంత చెవి. నోరు మాత్రం లేదు. అది లేకపోవడమే మంచిదైంది, ఉంటే ఎంతమంది పరువు తీసేదాన్నో! కానీ ఇవాళ సంతోషం పట్టలేకపోతున్నాను. మీకు చెప్పకపోతే పగిలిపోయేలా ఉన్నాను. కూర్చోండి.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను, తర్వాత గందరగోళం ఉండదు. నేను తెర నెత్తిన కూర్చుంటాను కాబట్టి తెర మీద ఏముందో నాకు కనపడదు. నాకు కనపడేది ఎదురుగా కూర్చున్నవాళ్ళే. నేను చూసిందే అవతలి ఊళ్ళో ఉన్నవాళ్ళూ చూస్తారు. ఆ అవతలివాళ్ళు నాకు వట్టి గొంతులే. నెలల తరబడి ఒకరికి కన్నుగా ఉంటూ ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో తెలియకపోవడం ఎంత ఉక్కిరిబిక్కిరి చేస్తుందో మీరే ఊహించుకోండి.

నన్ను చేసిన కర్మాగారం ఏ దేశంలో ఉందో నాకు తెలియదు. అట్టపెట్టె మీద రాసింది నా వీపు వైపుంది మరి. కన్ను తెరవగానే కనపడింది గోళ్ళరంగు సగం ఊడిపోయిన ఒక ఆడమనిషి వేళ్ళు. ఆమె నా ముందు రంగుల గళ్ళ అట్ట పెట్టి, తల ఊపి, నన్ను పెట్టెలో పడేసింది. నా చదువంతా అంతే, ఒక్క పరీక్ష, ఒక్క నిమిషం.

హైదరాబాదులో నన్ను మొదట ఏలుకున్నది ఒక ఇన్సూరెన్స్ కంపెనీ మేనేజర్ పురుషోత్తంగారు. జబ్బు భయంతో లోకమంతా ఇళ్ళలో తలుపులు వేసుకున్న కాలం అది. పొద్దున్నే ఆయన ఇస్త్రీ చొక్కా, టై కట్టుకుని నా ముందు కూర్చుని "క్రమశిక్షణ" గురించి నలభై మందికి ఉపన్యాసం ఇచ్చేవారు. బల్ల కింద గళ్ళ లుంగీ. నేను బల్ల పైనే చూస్తాను కాబట్టి ఆయన గుట్టు భద్రంగానే ఉండేది. ఒకరోజు వంటింట్లోంచి "ఏవండీ, పాలు పొంగుతున్నాయి!" అని కేక వినపడింది. ఆయన దిగ్గున లేచారు. నలభై మందీ ఘొల్లుమన్నారు. మర్నాటి నుంచి మీటింగు అయిపోగానే నా కంటికి కాగితం ముక్క అంటించేవారు, తప్పంతా నాదైనట్టు! ఉన్నది చూపించడమే కదా నా ఉద్యోగం?

ఆఫీసులు మళ్ళీ తెరిచాక ఆ కంపెనీ తన మనుషుల ఇళ్ళకిచ్చిన పాత కంప్యూటర్లను ప్రభుత్వ బడులకు పంచింది. పట్టు ఊడదీయడం ఎవరికీ గుర్తులేక నేనూ తెరతోపాటే వెళ్ళిపోయాను. అలా ఆదోని అవతల బొమ్మరహాళు అనే ఊరి ఉన్నత పాఠశాలకు చేరాను. పిల్లలు వ్యాను చుట్టూ మూగి ఈలలు వేస్తుంటే అబ్బో, నాకేం దశ తిరిగిందనుకున్నాను!

తిరగలేదు. హెడ్మాస్టర్ బసవలింగప్పగారు మమ్మల్ని నేరుగా తన గదికి మోయించి, పాత కర్టెన్ గుడ్డతో కుట్టించిన ముసుగు వేసి, గదికి తాళం వేశారు. మంచి మనిషే, మాట కటువు కాదు. రిటైర్మెంటుకి రెండేళ్ళుందట. "పిల్లోళ్ళు ముట్టుకుంటే చెడిపోతాది. చెడిపోతే పైనోళ్ళకి నేను జవాబు చెప్పాల" అనేవారు. ఏ అధికారి వచ్చినా ముసుగు తీసి చూపించి, మళ్ళీ వేసేవారు. కొత్త కంప్యూటర్ లాగే ఉందే అని వాళ్ళు మెచ్చుకునేవారు. ఉండక ఏం చేస్తుంది, ఒక్కరోజైనా వాడితేగా! నాకు ఒళ్ళు మండిపోయేది.

దసరా వచ్చింది. ఆయుధపూజనాడు మమ్మల్నీ తుడిచి, బంతిపూల దండ వేశారు. హెడ్మాస్టర్‌గారు గంధంలో తడిపిన కుంకుమ బొటనవేలికి అద్దుకుని, తెరకి నుదురు ఎక్కడా అని వెతికారు. పైన, సరిగ్గా మధ్యలో, గుండ్రంగా నేను కనపడ్డాను. ఇదే నుదురనుకున్నారు. ఆ వేలు నా మీదకి రావడం చూసి అరుద్దామంటే నోరేదీ? ఒత్తి మరీ పెట్టారు! అంతే, లోకమంతా ఎర్రటి చీకటి అయిపోయింది.

మూడు నెలలు గుడ్డిదాన్నై చెవితో బతికాను. ఆ చెవికి జనవరిలో ఒకరోజు ఒక కొత్త గొంతు వినపడింది. బదిలీ మీద వచ్చిన లెక్కల టీచరు షాహీన్ మేడం.

"సార్, ఈ కంప్యూటరు పదో తరగతిలో పెట్టుకుంటాను."

"మేడం, అది చెడిపోతే?"

"వాడకుంటే మాత్రం చెడిపోదా సార్? ఉరుకుందమ్మ వాళ్ళు ఎల్లుండి సుగ్గికి పోతాండారు. పరీక్షలకి రెండు నెల్లే ఉంది."

సుగ్గి అంటే ఏమిటో నాకు ఆరోజే తెలిసింది. ఆ ఊళ్ళో వానాకాలం పంట ఇంటికి చేరాక ఇక పని ఉండదు. ఇళ్ళకి తాళాలు వేసుకుని, మూటలతో, పిల్లలతో లారీలెక్కి గుంటూరు వైపు మిరపచేలల్లో కాయ ఏరడానికి పోతారు. ఎండాకాలం మొదట్లో తిరిగొస్తారు. లారీ కదిలిన రోజు నుంచి తరగతుల్లో సగం బల్లలు ఖాళీ అవుతాయి. ఉరుకుందమ్మ పదో తరగతిలో లెక్కలకి మొదటిది. వాళ్ళక్క కూడా పదిలోనే సుగ్గికి పోయింది. పరీక్ష తేదీకి చేలోనే ఉండిపోయింది. ఆ తర్వాత బడి గడప తొక్కలేదు.

"చెల్లెలు కూడా అట్లే అయిపోతే నేను తట్టుకోలేను సార్" అంది షాహీన్ మేడం. హెడ్మాస్టర్‌గారి తాళంచెవుల గుత్తి గలగలమన్నది.

నన్ను పదో తరగతికి మోసుకెళ్ళారు! చూపు లేకపోయినా ఆ గోల వింటుంటే ప్రాణం లేచొచ్చింది. ఏర్పాటు ఏమిటంటే, చేలో పన్నెండున్నరకి అన్నాలకి దిగుతారు. ఆ గంటలో ఉరుకుందమ్మ తన తల్లి ఫోనులోంచి మా క్లాసులో కూర్చోవాలి. బళ్ళో కూడా అన్నం గంట అదే. పదో తరగతి పిల్లలంతా ఒక మాట మీద నిలబడ్డారు: మేం గంట ఆలస్యంగా తింటాం, లెక్కల క్లాసు అప్పుడే పెట్టండి. వంట ఆయమ్మ "గుడ్లు చల్లారిపోతాయి, నన్ను అడగొద్దు" అని గొణిగి, మూత పెట్టి మరీ దాచేది. ఊళ్ళో సిగ్నలు దొరికేది కిటికీ దగ్గరే. అందుకని మేడం తన ఫోన్‌ని జడ రిబ్బనుతో కిటికీ ఊచకి కట్టేసి, అందులోంచి కంప్యూటరుకి ఇంటర్నెట్ ఇచ్చింది.

మొదటిరోజు. పన్నెండున్నర. గుండె ఉంటే ఆగిపోయేది.

"మేడం! వినపడ్తాంది!" నా కింద తెరలోంచి సన్నటి గొంతు. క్లాసంతా హోరెత్తింది. "కానీ కనపడ్తాలేదు మేడం. అంతా ఎర్రగా ఉంది."

"చుట్టూ మిరపకాయలు గదా, నీ ఫోనే అటు తిరిగిందేమో చూడు."

"కాదు మేడం. నా దిక్కు బాగానే ఉంది. మీ దిక్కే ఎరుపు."

అందరూ నవ్వారు. నేనొక్కదాన్నే కుమిలిపోయాను. వైరు పీకి పెట్టారు. కంప్యూటరు ఆర్పి వెలిగించారు. నెట్ సరిగ్గా లేదన్నారు ఒకరు, ఆమె ఫోన్ పాతదన్నారు ఇంకొకరు. అయ్యా, బొట్టు! నా కంట్లో బొట్టు! నోరు లేకపోవడమే మంచిదన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రెండోరోజూ అంతే. మేడం బోర్డు మీద త్రిభుజం గీసి నోటితో వర్ణించింది. ఎడమ పక్క ఎ, కింద బి, అటు సి. అవతల ఉరుకుందమ్మ ఊఁ కొడుతూనే ఉంది, కానీ ఆ ఊఁ చిన్నదైపోతోంది. మూడోరోజు మేడం వేలు నా దగ్గరికి వచ్చి ఆగినట్టు తెలిసింది.

"ఇదేనేమో. దీని మీదే ఉంది బొట్టు."

"తుడపొద్దు మేడం!" ముందు బల్లలోంచి ఒక ఆడపిల్ల కంగారుగా అరిచింది. "పూజ బొట్టు. తుడిస్తే మంచిది కాదు."

మేడం చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంకొకరి పూజ, తను తుడవడమేమిటని సంకోచపడిందో ఏమో. హెడ్మాస్టర్‌గారికి కబురు వెళ్ళింది. ఆయన వచ్చి, కళ్ళజోడు పెట్టె టప్పున తెరిచి, ఊపిరి తగిలేంత దగ్గరగా చూశారు.

"నేనే పెట్టినాను మేడం. నుదురనుకుంటి." నీళ్ళు నమిలారు. "పెట్టిన చేత్తోనే తుడపమంటారా?"

అప్పుడే తెరలోంచి కొత్త గొంతు వినపడింది. ఉరుకుందమ్మ తల్లి మహదేవమ్మ.

"సాల్లే పాపా, ఆ ఫోన్ పెట్టెయ్. గొంతు విని లెక్కలెట్ల నేర్చుకుంటావు? అన్నం కూడా తినకుండా కూసుంటాండావు. రేపట్నుంచి వొద్దు."

"ఇంగొక్క రోజు అమ్మా!"

ఆ "ఇంగొక్క రోజు" ఆయనకి ఎక్కడ తగిలిందో మరి. "ఆయమ్మా, కుంకుమ బరిణ పట్టుకురా!" అని వరండాలోకి కేకేశారు. "తుడిచేది లేదు మేడం. జరుపుతా. ఇక్కడిది అక్కడ పెడితే తప్పేముంది?" అని, ముందుగా తెర కింది అంచు మీద కొత్త బొట్టు పెట్టారట. దానికి దండం పెట్టుకున్నారట. తర్వాత కండువా కొస తడిపి నా కన్ను తుడిచారు, పసిబిడ్డ మొహం తుడిచినట్టు నెమ్మదిగా.

వెలుగు! మూడు నెలల తర్వాత వెలుగు! మొదట కనపడింది హెడ్మాస్టర్‌గారి ముక్కు. దాని వెనక నీలం చొక్కాలు, తెల్లటి ఓణీలు, ఎత్తి పట్టుకున్న ఇరవై రెండు మొహాలు, నల్లబోర్డు, పక్కన చెవి మీద సుద్దముక్క పెట్టుకున్న షాహీన్ మేడం. ఎంత చిన్నదో ఆమె! ఆ గొంతుకి ఆరడుగుల మనిషిని ఊహించుకున్నాను.

"కనపడ్తాంది! మేడం, బోర్డు కనపడ్తాంది! సార్ కూడా కనపడ్తాండారు!" ఉరుకుందమ్మ కేకకి చేలో అన్నాలు తింటున్నవాళ్ళంతా లేచొచ్చి ఉంటారు. ఇక్కడ పిల్లలు బల్లలెక్కి చేతులూపారు. దిగమనాల్సిన హెడ్మాస్టర్‌గారు తనూ చెయ్యి ఊపారు.

ఆ తర్వాత రోజులు ఎలా పరుగెత్తాయో! మేడం తెర మీద ప్రశ్న పెట్టి నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కమనే ఆట ఒకటి ఇంటర్నెట్‌లో పట్టుకొచ్చింది. ఇక్కడ ఇరవై రెండు మందీ ఒక్క కీబోర్డు మీద పడి కొట్టుకునేలోపు, అక్కడ ఉరుకుందమ్మ నొక్కేసేది. ఓడిపోయినందుకు వీళ్ళకి రోషం. సాయంత్రాలు లైబ్రరీ గది తెరిపించుకుని మరీ చదివేవారు. హెడ్మాస్టర్‌గారు పని ఉన్నా లేకపోయినా పన్నెండున్నరకి వెనక బల్ల మీద కూర్చునేవారు. కర్టెన్ ముసుగు బోర్డు తుడిచే గుడ్డ అయిపోయింది.

ఫిబ్రవరి నడిమిలో త్రికోణమితి మొదలైంది. మేడం ఎప్పుడూ పుస్తకంలో ఉన్న గోపురాలూ ఓడలే చెబుతుందని అనుకున్నాను. కాదు. "ఉరుకుందమ్మా, నీ పక్కన ఎత్తుగా ఏముంది?" అని అడిగింది.

"మోటారు గది కాడ కరెంటు స్తంభం ఉంది మేడం."

"దాని నీడ కొలువు. కోణమానినికి దారం, రాయి కట్టి ఎండ ఎంత వాలుందో చూడు."

అక్కడ పెద్ద సందడి మొదలైంది. కాయలేరే ఆడవాళ్ళు తలా ఒక మాట. నీడ కొన ఇక్కడ, కాదు అక్కడ. ఒకామె తాడు పట్టింది, ఇంకొకామె అడుగులు లెక్కపెట్టింది. చివరికి నీడ పద్నాలుగు అడుగులు, కోణం అరవై డిగ్రీలు అని కబురొచ్చింది. ఇక్కడ ఇరవై రెండు పెన్నులు గబగబా నడిచాయి. ఇక్కడివాళ్ళు, అక్కడ ఉరుకుందమ్మ, అందరూ ఒకేసారి అరిచారు: ఇరవై నాలుగు అడుగుల పైన చిల్లర!

చేను యజమానిని పిలిచి అడిగారు. గుంటూరు యాస గొంతు నవ్వుతూ వినపడింది. "ముప్పై అడుగుల స్తంభం అమ్మా. ఆరడుగులు భూమిలో పాతారు. నేను దగ్గరుండి పాతించాను."

అటు చేను, ఇటు బడి, రెండూ దద్దరిల్లాయి. ఆడవాళ్ళలో ఒక ముసలి గొంతు పదే పదే అంటోంది, "ఎక్కకుండానే చెప్పిందే! ఎక్కకుండానే ఎట్ల చెప్పిందే!" ఆమె పేరు తాయమ్మ అని తర్వాత తెలిసింది. నాకు కాళ్ళుంటే తెర మీద నుంచి దూకి గంతులేసేదాన్ని.

అంతా బాగుందనుకున్నప్పుడు మార్చి వచ్చింది. సోమవారం నుంచి పరీక్షలు. ఆ ముందు మంగళవారం పన్నెండున్నరకి ఫోను కలిపింది ఉరుకుందమ్మ కాదు, మహదేవమ్మ.

"టీచరమ్మా, కాపు ఈసారి ఆలస్యమైంది. నెలాఖరు దాకా కాయ ఉంది. మధ్యలో వదిలేసి వస్తే కూలీల మేస్త్రీ మల్లా ఏడు పిలవడు. పాప మల్లా సంవత్సరం రాస్తాది."

షాహీన్ మేడం సుద్దముక్క బల్ల మీద పెట్టేసి నా దగ్గరికి వంగింది. "మల్లా సంవత్సరం ఉండదు మహదేవమ్మా. పెద్దపాపకి వచ్చిందా, మల్లా సంవత్సరం?" అంది. అవతలి నుంచి ఉరుకుందమ్మ ఎక్కిళ్ళు నా చెవిలో పడ్డాయి. వెనక బల్ల మీద హెడ్మాస్టర్‌గారు తల వంచుకున్నారు. ఎదురు బల్లల్లో ఆడపిల్లలు ఏడుస్తున్నారు. రెండు నెలలు వాళ్ళంతా చల్లటి అన్నం తిన్నది దీనికా అని నాకు దుఃఖం ముంచుకొచ్చింది.

అప్పుడు ఆ ముసలి గొంతు విసురుగా దూసుకొచ్చింది. "ఏమే మహదేవీ! స్తంభం ఎక్కకుండా ఎత్తు చెప్పిన పిల్లతో మిరపకాయలు ఏరిపిస్తావా? బుద్ధుందా నీకు?"

"కాదు తాయవ్వా, మా వంతు మిరప సాలు ఎవరేరుతారు?"

"నీది, పాపది రెండు సాళ్ళూ మేం పంచుకుంటాం. తలా నాలుగు చెట్లు ఎక్కువ, అంతేగా. మేస్త్రీతో నేను మాట్లాడతా. నువ్వు పాపని తోలుకోని రైలెక్కు."

"అవునక్కా, పో" అని ఒకరు, "మేముండాం లే" అని ఇంకొకరు. అన్నీ నేను మొహం ఎరగని గొంతులే. ఇన్నాళ్ళూ అన్నం ముద్దలు నోట్లో పెట్టుకుంటూ ఆ ఫోను చుట్టూ కూర్చుని మా పాఠాలు విన్న గొంతులు.

శుక్రవారం పొద్దున పదో తరగతి తలుపు దగ్గర ఒక పిల్ల నిలబడింది. నల్లగా, బక్కగా, జడ చివర మట్టి, వేళ్ళ కొసలు కాయల ఘాటుకి ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఎవరో నాకు తెలియలేదు. "మేడం, లోపలికి రావచ్చా?" అనగానే గుర్తుపట్టాను. ఆ గొంతు! నేను రెండు నెలలు ఆ పిల్లకి కన్నునయ్యాను, ఆ పిల్లని చూడటం ఇప్పుడే. షాహీన్ మేడం సుద్దముక్క పడేసి ఆ పిల్లని గట్టిగా వాటేసుకుంది. క్లాసంతా మీద పడింది. గలాటాలో ఎవరి మోచెయ్యో తగిలి నేను గోడవైపు తిరిగిపోయాను. చాలాసేపు సున్నం చూస్తూ ఆ కేరింతలు విన్నాను. నాకేం కోపం రాలేదు.

పరీక్షలయ్యాయి. ఉరుకుందమ్మకి లెక్కల్లో తొంభై మూడు. ఇప్పుడు ఆదోనిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. హెడ్మాస్టర్‌గారు ఆ మార్కుల కాగితాన్ని జేబులో పెట్టుకుని అందరికీ చూపించి చూపించి మడతల్లో చింపేశారు.

ఇదంతా నిరుటి మాట. ఇవాళ నన్ను పట్టలేని సంతోషంలో ముంచింది మరొకటి. మళ్ళీ జనవరి వచ్చింది, లారీలు వెళ్ళిపోయాయి. ఈ ఏడు పదో తరగతి నుంచి ఎవరూ సుగ్గికి పోలేదు, అందరినీ ఊళ్ళో అవ్వల దగ్గర ఉంచారు. ఇక నాతో పనేముందిలే అని కొంచెం దిగులుగా కూర్చున్నాను. సరిగ్గా పన్నెండున్నరకి కిటికీ ఊచకి కట్టిన ఫోను మోగింది. మేడం కంప్యూటర్ కలిపింది.

"టీచరమ్మా, నేను, మహదేవమ్మని. తాయవ్వ, ఇంగా పదిమంది ఉండాం ఇక్కడ. అన్నం కాడ కూసుంటే ఏమీ తోచడం లేదు. నిరుడంతా మీ మాటలు వింటిమి గదా." చేలో గాలి చప్పుడు. "మాకూ చెప్తారా?"

షాహీన్ మేడం చున్నీ కొసతో కళ్ళు ఒత్తుకుని, సుద్దముక్క తీసుకుంది.

"చెప్తాను. ఎక్కడినుంచి చెప్పమంటావు మహదేవమ్మా?"

అవతల పన్నెండు గొంతులు గుసగుసలాడుకున్నాయి. చివరికి తాయమ్మ గొంతు, పరీక్ష హాలులో మొదటిసారి కూర్చున్న పిల్ల గొంతంత జంకుగా, "మొదట్నుంచి" అంది.